దుమ్ముగూడెం డౌన్‌లోడింగ్ సెంటర్

సారపాక రాగానే బస్సులో నిద్రపోతున్నవాళ్లు ఒక్కొక్కరే లేస్తారు. కండక్టర్ అరవక్కర్లేదు. పేపర్ మిల్లు వాసనే అలారం. ఆ వెంటనే గోదావరి బ్రిడ్జి. ఫిబ్రవరి మంచులో, తెల్లారుజామున అయిదున్నరకి, కింద నీళ్లెక్కడో ఇసుకెక్కడో తెలీదు. బస్సులో సగం మంది రాముడికి చేతులు జోడిస్తారు. మిగతా సగం ఫోన్ తీసి వీడియో తీస్తారు. నేను రెండూ చేస్తా.

నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజనీర్‌ని. ఏడాదికి రెండు మూడుసార్లు ఈ బస్సెక్కుతా. భద్రాచలంలో దిగాక అందరూ గుడి వైపు వెళ్తే, నేను చర్ల బస్సు కోసం నిలబడతా. పర్ణశాలకి వెళ్లే టూరిస్టులదీ ఇదే దారి. పాతిక కిలోమీటర్లు పోయాక దుమ్ముగూడెం వస్తుంది. కార్లు ఆగవు. సీతమ్మ నారచీరలు ఆరేసిన గుర్తులు చూడాలి, ఫొటోలు దిగాలి, చీకటి పడకముందే వెనక్కి రావాలి కదా!

నేను ఆగేది మా మామయ్య కోసం. అమ్మకి తమ్ముడు. లక్ష్మీనగరం సెంటర్‌లో ఆయనకో షాపు ఉంది. ఒకే షట్టర్, లోపల ఇద్దరు నిలబడితే మూడోవాడు బయటే. కానీ ఆ షట్టర్ మీద నాలుగు కాలాలు ఉన్నాయి. ఎర్ర పెయింట్ వెలిసిన చోట కింద నుంచి 'ఆడియో క్యాసెట్స్' కనిపిస్తుంది. దాని మీద నీలం రంగులో 'సీడీ, వీసీడీ'. దాని మీద పసుపు రంగులో పెద్దగా 'డౌన్‌లోడింగ్'. అన్నిటికంటే పైన ఫ్లెక్సీ: రీచార్జ్, మనీ ట్రాన్స్‌ఫర్, జిరాక్స్. ఇరవై అయిదేళ్లలో మనం పాట వినే పద్ధతి ఎన్నిసార్లు మారిందో తెలుసుకోవాలంటే మ్యూజియానికి వెళ్లక్కర్లేదు. ఈ షట్టర్ ముందు రెండు నిమిషాలు నిలబడితే చాలు.

పడవ ఓడిపోయిన ఊరు

మామయ్య షాపు తెరవడానికి ఇంకా టైముంటే నేను నది వైపు నడుస్తా. దారి పొడవునా మిరప కల్లాలు. ఎర్రగా ఆరబోసిన కాయలు, ముక్కుకి చీరకొంగు కట్టుకుని ఏరుతున్న ఆడవాళ్లు. కోతలకి ఛత్తీస్‌గఢ్ నుంచి కూడా కూలీలు వస్తారు. అక్కడ పనిచేసే ప్రతి గుంపులో ఒక ఫోన్ పాడుతూ ఉంటుంది. ఒకచోట తెలుగు సినిమా పాట, పక్క చేలో కోయ పాట, ఇంకో పక్క హిందీ.

నది ఒడ్డున పాత ఆనకట్ట ఉంది. దాని కథ చాలామందికి తెలీదు. కాటన్ దొర ఆధ్వర్యంలో ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. ఆ తర్వాత గోదావరి మీద చాలా పైదాకా పడవలు నడపాలని ఆయన పెద్ద ప్లాన్ వేశాడు. మధ్య భారతంలో పండే పత్తి నీటి దారిలో సముద్రానికి చేరాలి. కానీ నది మధ్యలో రాళ్లు మూడుచోట్ల అడ్డం. అందులో మొదటిది దుమ్ముగూడెం దగ్గర. అందుకే ఇక్కడ ఆనకట్ట కట్టారు, పక్కన కాలువ తవ్వారు, పడవలు ఎక్కి దిగడానికి లాకులు పెట్టారు. ఏళ్ల తరబడి పని నడిచింది. ఈలోగా 1867లో రైలు నాగపూర్ చేరింది. పత్తి రైలెక్కేసింది. 1871లో ఇక్కడ పనులు ఆపేశారు.

మామయ్యకి ఈ కథంటే భలే ఇష్టం. వ్యాపారం ఎలా పోయిందని ఎవరైనా అడిగితే ఇదే చెప్తాడు. "కాటన్ దొరంతటోడే రైలుకి ఓడిపోయిండు. నేను సెల్‌ఫోన్‌కి ఓడిపోతే తప్పేంది?" అంటాడు.

నవ్వుతూనే అంటాడు. కానీ ఆయన్ని ఓడించింది ఒట్టి సెల్‌ఫోన్ కాదు. అందులో నా చెయ్యి కూడా ఉంది. ఆ సంగతి ముందుకెళ్లాక చెప్తా.

మూసిన గదిలో పాట రాదు

మామయ్య మొదట్లో మైక్ సెట్టు అద్దెకిచ్చేవాడు. పెళ్లిళ్లు, జాతరలు, ముత్యాలమ్మ కొలుపులు. కోయ గూడేలకి వెళ్లినప్పుడు అక్కడి పాటలు వినేవాడు. విత్తనాల ముందు భూమి పండుగ పాటలు, పెళ్లి పాటలు, సమ్మక్క సారలమ్మ పాటలు. షాపులో సినిమా క్యాసెట్లు, భద్రాద్రి రాముడి భక్తి క్యాసెట్లు బాగా అమ్ముడయ్యేవి. కోయ పాటల క్యాసెట్ కావాలని అడిగేవాళ్లుండేవారు, అమ్మడానికి ఉండేది కాదు. సరే మనమే వేద్దాం అనుకున్నాడు. అది 1998.

ముందు ఒక బృందాన్ని వ్యానెక్కించి ఖమ్మంలో స్టూడియోకి తీసుకెళ్లాడట. గంటకింత అని అద్దె. తలుపులు మూశారు, ఎర్ర లైటు వెలిగింది. ఎవరూ పాడలేదు. భుజాలు పట్టుకుని అడుగులేస్తూ పాడే పాటలవి. ఒక్కొక్కరినీ ఒక్కో మైకు ముందు కదలకుండా నిలబెడితే ఎక్కణ్నుంచి వస్తాయి? గంటన్నర అద్దె కట్టి వెనక్కి తెచ్చేశాడు. తర్వాత రికార్డర్‌నే గూడేనికి మోసుకెళ్లాడు. బ్యాటరీ, రెండు మైకులు, రాత్రిపూట ఇప్పచెట్టు కింద. పాట మధ్యలో కుక్క మొరిగింది, పిల్లాడు ఏడ్చాడు. అవన్నీ క్యాసెట్లో అలాగే ఉన్నాయి.

లెక్క సింపుల్. ఖాళీ క్యాసెట్టు, కాపీ చేసే కూలి, పైన వేసే ఇన్‌లే కార్డు ప్రింటింగ్ కలిపి ఒక్కోదానికి 14 రూపాయలు. షాపులకి 18కి వేసేవాడు. వాళ్లు 25కి అమ్మేవారు. మొదట 500 వేశాడు. మేడారం జాతర నాటికి అయిపోయాయి.

కాపీలు అప్పుడు కూడా ఉన్నాయి. డబుల్ డెక్ టేప్‌రికార్డర్ ఉన్న ప్రతి ఇల్లూ ఒక ఫ్యాక్టరీనే. కానీ టేపుకి ఒక గుణం ఉంది. కాపీకి కాపీ చేస్తే 'సుయ్'మనే చప్పుడు పెరుగుతుంది. నాలుగో కాపీకి పాట ఎక్కడో వానలో పాడుతున్నట్టుంటుంది. అప్పుడు జనమే షాపుకొచ్చి ఒరిజినల్ అడిగేవారు. నాసిరకం కాపీయే మామయ్యకి సెక్యూరిటీ గార్డు.

ఆ గార్డుని తీసేసింది ఎంపీ3. ఈ పేరు 1995లో జర్మనీ ఇంజనీర్లు పెట్టారు. సీడీలో ఒక సెకను పాటకి 1,411 కిలోబిట్లు పడితే, ఎంపీ3లో 128తో సరిపెట్టొచ్చు. అంటే పదకొండో వంతు. మన చెవి ఎలాగూ పట్టించుకోని శబ్దాల్ని అది వదిలేస్తుంది. ఇక ఆ ఫైలుని ఎన్నిసార్లు కాపీ చేసినా మొదటిదీ వెయ్యోదీ ఒకటే. 1999లో అమెరికాలో నాప్‌స్టర్ వచ్చింది. ఊరూపేరూ తెలియనివాళ్లు కూడా పాటలు పంచుకోవడం మొదలుపెట్టారు. పెద్ద కంపెనీలు కోర్టుకెక్కి 2001లో దాన్ని మూయించాయి. దుమ్ముగూడెంలో మామయ్య ఏ కోర్టుకెక్కాలి? ఎవరి మీద?

రెండు జీబీ నేరం

2010 వేసవి సెలవులు. నేను ఎనిమిదో తరగతి పూర్తి చేసి మామయ్య ఇంట్లో ఉన్నా. అప్పటికి ఆయన క్యాసెట్లు మానేసి కోయ పాటలు ఆడియో సీడీలో వేస్తున్నాడు. షాపులోకి ఒక సెకండ్ హ్యాండ్ కంప్యూటర్ వచ్చింది. మధ్యాహ్నం ఆయన భోజనానికి వెళ్తే షాపు నాదే.

కొత్త సీడీ ఒకటి అప్పుడే వచ్చింది. ఇంకా ఒక్కటీ అమ్మలేదు. నేను దాన్ని కంప్యూటర్లో పెట్టి ఎంపీ3లు చేశా. ఎందుకంటే చెయ్యడం వచ్చు కాబట్టి! ఎనిమిది పాటలు, నలభై ఎంబీ కూడా లేవు. పక్కింటి అబ్బాయి దగ్గర రెండు జీబీ కార్డున్న ఫోన్ ఉంది. బ్లూటూత్ ఆన్ చేసి పంపించా. గొప్ప సాయం చేసినట్టు ఫీలయ్యా.

వారం తిరక్కుండా ఆ పాట ట్రాలీ ఆటోలో మోగుతూ మా షాపు ముందు నుంచే వెళ్లింది. మామయ్య సీడీల కట్ట విప్పుతూ తలెత్తి చూశాడు. ఆటో వెళ్లిపోయేదాకా అలాగే చూశాడు.

"ఎవరు ఎక్కించిర్రో ఏమో" అన్నాడు.

నేను మాట్లాడలేదు. ఆ సీడీలు 300 వేస్తే నలభై అమ్ముడయ్యాయి. మిగిలినవి పొలాల్లో పిట్టల్ని బెదిరించడానికి దారాలకి కట్టారు. ఎండలో తళతళ మెరిసేవి. బాగానే పనిచేశాయట.

ఇంకో నాలుగు నెలలకి పసుపు పెయింట్ పడింది: 'డౌన్‌లోడింగ్'. మీలో పాతికేళ్లు దాటినవాళ్లకి ఈ షాపులు గుర్తుండే ఉంటాయి. మెమరీ కార్డు ఇస్తే ఇరవై రూపాయలకి నిండా పాటలు నింపిచ్చేవారు. 'కొత్త సినిమాలు', 'మెలోడీ', 'భక్తి', 'జానపదం' అని ఫోల్డర్లు. పది నిమిషాల పని. మామయ్య కూడా అదే మొదలుపెట్టాడు. అది చట్టప్రకారం తప్పు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం మూడేళ్ల దాకా జైలుంటుంది. ఆయనకీ తెలుసు.

"నా పాటకి ఎవడైనా పైసా ఇస్తుండా? మరి నేనెందుకియ్యాలె?" అనేవాడు. లాజిక్‌లో బొక్క ఉంది. కానీ ఆ బొక్క పెట్టింది నేనే కదా, ఏమని వాదిస్తా?

తమాషా ఏంటంటే, ఆ ఫోల్డర్లలో మామయ్య సొంత కోయ పాటలు కూడా ఉండేవి. కార్డు నింపుతూ అడక్కపోయినా వాటిని కలిపి ఎక్కించేవాడు. డబ్బులు రాకపోతే పోనీ, పాటైనా తిరగాలని. ఆ పని తర్వాత ఎంత కాపాడిందో అప్పుడు ఇద్దరికీ తెలీదు.

2016 సెప్టెంబర్‌లో జియో వచ్చింది. మెమరీ కార్డు పట్టుకుని షాపుకొచ్చేవాళ్లు తగ్గిపోయారు. మరో రెండేళ్లకి ఫ్లెక్సీ కట్టాడు: రీచార్జ్, మనీ ట్రాన్స్‌ఫర్, జిరాక్స్.

71.3 అడుగులు

గోదావరి ఒడ్డున బతికేవాళ్లకి కొన్ని అంకెలు ఫోన్ నంబర్లలా గుర్తుంటాయి. భద్రాచలం దగ్గర 43 అడుగులంటే మొదటి ప్రమాద హెచ్చరిక. 48 రెండోది. 53 మూడోది. 1986లో 75.6 వచ్చింది, ఆ కథలు తాతలు చెప్తారు. 2022 జూలై 16న 71.3 వచ్చింది. ఈ కథ మేమే చెప్తాం.

మామయ్య ఇల్లు ఏటి వైపు పల్లంలో ఉంది. పిల్లల్ని, బియ్యం బస్తాని, ఫైళ్లున్న సంచిని తీసుకుని పైకి వెళ్లారు. నీళ్లు తగ్గాక నేను సెలవు పెట్టి వెళ్లా. ఇంట్లో మోకాలి లోతు ఒండ్రు. అటక మీద పెట్టిన చెక్కపెట్టె కూడా మునిగింది. అందులో పన్నెండేళ్ల మాస్టర్ టేపులు, సీడీలు. వాటి పక్కనే, అన్నీ కాపీ చేసిపెట్టిన హార్డ్‌డిస్క్. ఒరిజినలూ బ్యాకప్పూ ఒకే పెట్టెలో! మా ఆఫీసులో ఎవరైనా ఇలా చేస్తే నేను గంట క్లాసు పీకేవాణ్ని. సొంత ఇంట్లో ఒక్కసారి కూడా అడగలేదు.

డిస్క్‌ని హైదరాబాద్ తెచ్చి చూపించా. లాభం లేదన్నారు. టేపులు విప్పితే లోపల బురద, బూజు. మామయ్య ఒక్కొక్కటీ కొళాయి కింద కడిగి తీగ మీద ఆరేశాడు. సాయంత్రానికి తీసేసి చెత్తలో వేశాడు.

"పోనియ్ అల్లుడూ. మనుషులం మిగిలినం" అన్నాడు.

పాటల వేట

వెళ్లిపోయే ముందు రోజు టీ కొట్టు దగ్గర ఒక ట్రాక్టర్ ఆగింది. అందులో పాట మోగుతోంది. మధ్యలో కుక్క మొరిగింది. పిల్లాడు ఏడ్చాడు.

నేను గ్లాసు పక్కన పెట్టి ట్రాక్టరెక్కేశా. డ్రైవర్ కంగారు పడ్డాడు. పెన్‌డ్రైవ్ ఒక్కసారి ఇమ్మని బతిమాలా. అందులో మామయ్య పాటలు మూడున్నాయి. ఎప్పుడో మెమరీ కార్డులో ఎక్కించుకున్నవి, ఫోన్ మారినప్పుడు పెన్‌డ్రైవ్‌కి వచ్చాయట.

ఆ రోజు నుంచి మూడు నెలలు, శని ఆదివారాలు ఇదే పని. ట్రాలీ ఆటోలు, డీజే బాక్సులవాళ్లు, కిరాణా షాపులు. ఇళ్లలో గూట్లో పడేసిన పాత కీప్యాడ్ ఫోన్లు. వాటికి చార్జర్ దొరకడమే పెద్ద పని. మామయ్య చేతిరాత పుస్తకం ప్రకారం మొత్తం 31 పాటలు. మాకు 23 దొరికాయి. కొన్ని 128 కిలోబిట్లలో బాగానే ఉన్నాయి. కొన్ని వాట్సప్‌లో చేతులు మారి మారి నలిగిపోయాయి. మిగతా ఎనిమిది ఇప్పటికీ లేవు.

ఒక్కటి గమనించండి. మేం దాచిపెట్టిన పాటలు పోయాయి. జనం ఎత్తుకెళ్లినవి మిగిలాయి. నేను పదమూడేళ్లప్పుడు చేసిన దొంగతనంలోని ఎనిమిదీ దొరికాయి. ఆ సంగతి అప్పుడే మామయ్యకి చెప్పేశా. పన్నెండేళ్ల తర్వాత.

ఆయన కాసేపు ఏం అనలేదు. "నువ్వేనని నాకప్పుడే అనుమానం. కంప్యూటర్ నొక్కడం ఇంకెవనికొచ్చు?" అన్నాడు. తర్వాత మళ్లీ, "మూడొందల సీడీలురా" అన్నాడు.

పాటలు మిగిలాయి కాబట్టి అంతా మంచికే అని నేను రాయలేను. ఆ సీడీలు అమ్ముడై ఉంటే ఇంకో రెండు ఆల్బమ్‌లు వచ్చేవి. వాటిలో పాడాల్సినవాళ్లలో ఇద్దరు ఇప్పుడు లేరు. వాళ్ల పాటలు ఏ పెన్‌డ్రైవ్‌లోనూ దొరకవు, ఎందుకంటే రికార్డే అవ్వలేదు.

గానం: బృందం

దొరికినవన్నీ శుభ్రం చేసి యూట్యూబ్‌లో పెట్టాం. రెండు రోజుల్లో ఒక పాట మీద కాపీరైట్ క్లెయిమ్ వచ్చింది. మా పాట మీద మాకే! ఎవరో ఎప్పుడో ఆ ఫైలు పట్టుకుని, మధ్యలో కీబోర్డు బీటు కలిపి, తమ పేరుతో రిజిస్టర్ చేసుకున్నారు. ఆటోమేటిక్ సిస్టమ్‌కి ముందు ఎవరు రిజిస్టర్ చేస్తే వాళ్లే ఓనర్.

అభ్యంతరం పెట్టాలంటే ఆధారం కావాలి. ఊళ్లో ఒక రిటైర్డ్ టీచర్ ఇంట్లో 1998 క్యాసెట్టు, కార్డుతో సహా దొరికింది. దాని ఫొటో చేర్చి డిస్ప్యూట్ వేశాం. అవతలివాళ్లకి జవాబివ్వడానికి 30 రోజుల గడువు. ఇవ్వలేదు. క్లెయిమ్ పోయింది. గెలిచామని నేను ఆనందంగా ఆ కార్డు మళ్లీ చూశా.

నిర్మాత: మామయ్య పేరు, ఇనిషియల్స్‌తో. రికార్డింగ్: మామయ్య పేరు. ఫొటోలు: స్టూడియో పేరు. ప్రింటింగ్: ప్రెస్ పేరు. గానం: బృందం.

పాడినవాళ్లలో ఒక్కరి పేరూ లేదు.

చట్టం చూస్తే, తరతరాల జానపద పాటకి ఒక ఓనర్ ఉండడు. దాన్ని రికార్డు చేసినవాళ్లకి ఆ రికార్డింగ్ మీద 60 ఏళ్ల హక్కుంటుంది. అది మామయ్యకి ఉంది. కానీ పాడినవాళ్లకీ హక్కుంది, 50 ఏళ్లు. 2012 సవరణలో 38బి అనే సెక్షన్ చేర్చారు: ఇది పాడింది నేనే అని గుర్తింపు అడిగే హక్కు కళాకారులకి ఉంది. మా పాట ఎత్తుకెళ్లారని మేం ఎగిరాం. మేం మాత్రం ఏం చేశాం?

మామయ్యని అడిగా. "అప్పుడట్లనే వేసేటోళ్లు" అన్నాడు. కాసేపాగి, "పేర్లు రాసుకోలే" అన్నాడు.

ఒక ఆదివారం ఇద్దరం బండి మీద ఆ గూడేనికి వెళ్లాం. మెయిన్ రోడ్డు వదిలి అడవిలోకి తిరిగితే సిగ్నల్ ఒక్కో గీతా తగ్గుతూ పోతుంది. టేకు ఆకులు రాలి దారంతా గలగల. మేం వెతికే అవ్వ ఇంటి ముందు చింతపండు కొట్టుకుంటోంది. ఫోన్లో పాట పెట్టా. నాలుగు సెకన్లు. చేతిలో రాయి ఆగింది.

"ఇది నా గొంతే" అంది తెలుగులో. తర్వాత లోపలికి కేకేసి కోయలో ఏదో చెప్పింది. మనవరాళ్లు పరిగెత్తుకొచ్చారు. పాట సాగుతుంటే గొంతు గొంతుకీ పేరు చెప్పడం మొదలుపెట్టింది. ఇది నా చెల్లె, ఇది పెద్దకోడలు, ఈమె చనిపోయింది, ఈమెని చర్ల వైపు ఇచ్చినం. ఏడుస్తున్న పిల్లాడు ఎవరో కూడా చెప్పింది. ఇప్పుడు అతనికి ఇద్దరు పిల్లలు, మిరప తోటలో మేస్త్రీ.

"నీకప్పుడు ఏమిచ్చిండు మా మామయ్య?" అని అడిగా.

"చీర. రెండొందలు. కోడికూర" అంది. మామయ్య నేల చూపులు చూశాడు. "మంచి చీరే" అని ఆమే సర్దిచెప్పింది. అప్పుడొక మాటంది. "పాట అందరిదీ. నేను మా అమ్మ దగ్గర నేర్చిన, మా అమ్మ వాళ్లమ్మ దగ్గర. పాట ఎవరైనా పాడుకోని. కానీ గొంతు నాదే కదా. అది చెప్పాలె కదా."

నేను ఇంజనీరింగ్ నాలుగేళ్లు, ఉద్యోగం ఆరేళ్లు. మెటాడేటా అంటే ఏంటో ఇంత తేలిగ్గా నాకెవరూ చెప్పలేదు.

ఎంపీ3 ఫైలు చివర 128 బైట్ల చిన్న జాగా ఉంటుంది. 1990ల్లో పెట్టిన ఏర్పాటు. పాట పేరుకి 30 అక్షరాలు, పాడినవాళ్ల పేరుకి 30 అక్షరాలు. తర్వాత ఇంకా పెద్ద ట్యాగులు వచ్చాయి, తెలుగులో కూడా రాసుకోవచ్చు. మాకు దొరికిన 23 ఫైళ్లలో ఆ జాగా చాలావరకు ఖాళీ. కొన్నింట్లో పైరసీ సైట్ల పేర్లు! వాట్సప్ అయితే ఫైలు పేరే మార్చేస్తుంది. 'ఏయూడీ', తేదీ, ఒక నంబరు. అంతే.

గోదావరికి అవతల మణుగూరు మండలం కూనవరంలో సకిని రామచంద్రయ్య గారు ఉండేవారు. సమ్మక్క సారలమ్మ కథని, కోయ వంశాల చరిత్రని తెలుగులోనూ కోయలోనూ పాడేవారు. 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024 జూన్‌లో కన్నుమూశారు. ఆయన పేరు ప్రపంచానికి తెలిసింది. సంతోషం. ఆ పక్క గూడేల్లో పేరు లేకుండా పాడినవాళ్లు ఇంకా ఎందరో.

ఇప్పుడు లెక్క ఇదీ

మరి డబ్బులొస్తున్నాయా? అందరూ అడిగేది ఇదే కాబట్టి దాచకుండా చెప్తా.

యూట్యూబ్‌లో ప్రకటనల ఆదాయం మొదలవ్వాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వ్యూస్ కావాలి. మాకు అక్కడిదాకా చేరడానికి ఏడాదిన్నర పట్టింది. 2021లో 'బుల్లెట్టు బండి' పెళ్లి డాన్సుతో ఊరూరా మోగిన సంగతి మీకు తెలుసు. అలా అందరికీ జరగదు. మొదటి ఏడాది మాకు వచ్చిన మొత్తంతో ఒక మామూలు స్మార్ట్‌ఫోన్ కూడా రాదు.

కానీ పాట కింద పేర్లు, ఊరు, బుకింగ్ నంబర్ పెట్టాం. నంబర్ మామయ్యది. అక్కణ్నుంచి ఫోన్లు మొదలయ్యాయి. కాలేజీ ఫెస్టులు, పెళ్లిళ్లు, ఒకసారి హైదరాబాద్‌లో ఆదివాసీ దినోత్సవం. కొమ్ములు, నెమలి ఈకలు, డోళ్లతో ఇరవై మంది బృందం. బస్సు చార్జీలు, భోజనం పోను వచ్చింది బృందానిదే. మామయ్య తన మైక్ సెట్టు అద్దె మాత్రం తీసుకుంటాడు. ఫైలు ఫ్రీగా తిరుగుతుంది, మనుషులు వస్తే డబ్బులు. 2007లో రేడియోహెడ్ అనే ఇంగ్లిష్ బ్యాండ్ 'మీకు తోచినంత ఇవ్వండి' అని ఆల్బమ్‌ని నెట్‌లో పెట్టి సంచలనం చేసింది. ఇప్పుడు మామయ్య షాపులో గోడకి ఒక క్యూఆర్ కోడ్ అతికించి ఉంది. పక్కన ఆయన చేతిరాత: పాట నచ్చితే పదో ఇరవయ్యో వెయ్యండి. వేస్తున్నారు. రోజూ కాదు.

జాతరలో 250 రూపాయలకి పెన్‌డ్రైవ్ అమ్ముతాం. లోపల మా పాటలే, సినిమా పాటలు లేవు. అందులో 100 పాడినవాళ్లకి. డబ్బు పంచేది బృందం పెద్దామె. ప్రతి రికార్డింగ్‌కీ ఐఎస్‌ఆర్‌సీ అని 12 అక్షరాల గుర్తింపు కోడ్ తీసుకుంటున్నాం. పాటకి ఆధార్ కార్డు లాంటిది. ఒరిజినల్స్ మూడుచోట్ల దాస్తున్నాం: క్లౌడ్‌లో, నా దగ్గర, భద్రాచలంలో మేడ మీద ఉన్న చుట్టాలింట్లో. గోదావరికి 71.3 అడుగులొచ్చినా అందని చోట.

డౌన్‌లోడింగ్ కూడా మళ్లీ మొదలైంది. కూలికి వచ్చినవాళ్లు, డేటా అయిపోయినవాళ్లు కార్డు తెస్తారు. మామయ్య కోయ పాటలు ఫ్రీగా ఎక్కిస్తాడు. ఒకే షరతు. ఫైలు పేరు మార్చకూడదు.

ఈ ఫిబ్రవరిలో తిరుగు ప్రయాణానికి చర్ల నుంచి వచ్చే బస్సెక్కా. నా ముందు సీట్లో ఒక అమ్మాయి, కాలేజీ పిల్ల. ఫోన్లో పాట పెట్టుకుంది, స్పీకర్లోనే. అదే పాట. కుక్క మొరిగింది. స్క్రీన్ మీద అక్షరాలు కుడి నుంచి ఎడమకి జరుగుతున్నాయి. పొడుగైన పేరు కాబట్టి పూర్తిగా రావడానికి టైం పట్టింది. అవ్వ పేరు, చెల్లెలి పేరు, పెద్దకోడలి పేరు, చనిపోయినామె పేరు. వాళ్లని అడక్కుండా ఆ పేర్లు ఇక్కడ రాయను. పాట దొరికితే మీకే కనిపిస్తాయి.

మీరు పర్ణశాలకి వెళ్తే లక్ష్మీనగరంలో పది నిమిషాలు ఆగండి. నాలుగు రంగుల షట్టర్. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడింటి దాకా మూసి ఉంటుంది, భోజనానికి వెళ్తాడు. ఇప్పుడు కంప్యూటర్‌కి పాస్‌వర్డ్ పెట్టాడు. నాకు కూడా చెప్పలేదు.